ముక్కున వేలు

మగ్గాల షెడ్డు ఆడవాళ్ళు ఆమెను మూతమ్మ అంటారు. చాటుగా కాదు, మొహం మీదే అంటారు. "మూతమ్మా, ఇటు రావే!" అని వీధి అవతలి నుంచి కేక వేస్తారు. ఆ కేక ఆమెకు వినపడదు, అది వేరే సంగతి. పత్రికలో రాసేటప్పుడు ఆమెకు మరో పేరుండేది. పుస్తకం అట్ట మీదా ఆ పేరే ఉంది. కానీ ఆ పేరుతో పిలిచిన పుణ్యాత్ములు ఆ వీధుల్లో ఒక్కరూ లేరు. మూతమ్మ అనే పేరు ఆమెకు రెండుసార్లు వచ్చింది. మొదటిసారి ముద్దుగా, రెండోసారి తిట్టుగా. జనం ఎంత పొదుపరులో చూడండి, తిట్టడానికి కొత్త పేరు వెతుక్కునే శ్రమ కూడా పడలేదు.

ఆమె తల్లి మరమగ్గాల మీద పని చేసింది. తల్లికి నడుం పడిపోయాక ఆ మగ్గం అక్కకు వచ్చింది. అక్క మగ్గానికి ఒక పక్క పిన్ని ఉండేది. నిజానికి ఆవిడ వీళ్ళకు చుట్టమూ కాదు పక్కమూ కాదు. తల్లి మంచాన పడ్డప్పుడు ఇద్దరాడపిల్లలకూ తల దువ్వి జడలు వేసి పనికి తీసుకుపోయింది గనక పిన్ని అయింది. రెండో పక్క మగ్గం ఖాళీ అయినప్పుడు చెల్లెల్ని, అంటే మన మూతమ్మను, అక్కడ నిలబెట్టారు. బడి మాన్పించారన్న కోపం ఆ పిల్లకు ముక్కు మీదే ఉండేది. తెగిన నూలుకు ముడి వేయడం కూడా ఎవరితోనో పోట్లాడుతున్నట్టు వేసేది.

ఆ షెడ్డు చప్పుడు చెవులతో వినే చప్పుడు కాదు. మగ్గంలో నూలు మోసే నాడె అటు కొట్టుకుని ఇటు కొట్టుకుంటుంటే అది పాదాల్లోంచి ఎక్కి పళ్ళలోకి దిగుతుంది. పక్కన నిలబడి గొంతు చించుకున్నా ఒక్క ముక్క వినపడదు. మరి అంతమంది ఆడవాళ్ళు పొద్దుణ్ణించి సాయంత్రం దాకా నోరు మూసుకుని ఉంటారా? ఉండమనండి చూద్దాం! పెదాలతో మాట్లాడుకునేవాళ్ళు. గొంతు పెగలనివ్వకుండా పెదాలు మాత్రం బాగా విప్పి, సాగదీసి, ఈ వరస నుంచి ఆ వరసకు కబుర్లు పంపేవాళ్ళు. ఎవరింట్లో పెళ్ళి కుదిరింది, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయింది, సూపర్‌వైజరు ఇవాళ ఎవరి మీద కస్సుమంటున్నాడు, అన్నీ ఆయన ముందే, ఆయన్ని చూస్తూనే.

అందులో ఒక్కటే చిక్కు. ప, బ, మ. ఈ మూడక్షరాలకూ పెదాలు ఒకేలా మూసుకుని ఒకేలా తెరుచుకుంటాయి. కావాలంటే అద్దం ముందు నిలబడి గొంతు రానీయకుండా పాట, బాట, మాట అని చూడండి, ఏది ఏదో మీకే తెలియదు. ఒకసారి కొత్తగా పెళ్ళయిన పిల్ల ఒకతె "బావ వచ్చాడు" అని మురిసిపోతూ చెబితే, నాలుగు మగ్గాలు దాటేసరికి అది "మావ వచ్చాడు" అయి కూర్చుంది. పాపం, అందరూ ఆ పిల్ల మీద జాలి పడ్డారు. అందుకని ఎవరు కనిపెట్టారో గానీ ఒక పద్ధతి పుట్టింది. మ అయితే ముక్కున వేలు పెట్టాలి, ఆ అక్షరం ముక్కులోంచి వస్తుంది గనక. బ అయితే గొంతు మీద చెయ్యి. ప అయితే ఏమీ అక్కర్లేదు. ప్రతి మాటకూ కాదు, తేడా వస్తే కొంప మునిగే మాటలకే. "మొగుడు" అన్నప్పుడు మాత్రం ముక్కు పట్టుకునే అనేవాళ్ళు. అక్కడ అనుమానమేమీ లేదు, అదొక సరదా.

కొత్తగా వచ్చిన సూపర్‌వైజర్లు మాత్రం వీళ్ళు పొద్దస్తమానం ముక్కున వేలేసుకుంటారేమిటి, వీళ్ళకు లోకంలో ప్రతిదీ వింతేనా అని నవ్వుకునేవాళ్ళు. నవ్వుకోనీలే అని వీళ్ళూ నవ్వుకునేవాళ్ళు. ఆ గుట్టు షెడ్డు గడప దాటలేదు. ఇప్పుడిలా బాహాటంగా చెప్పడం, ఇక దాచినా చేసేదేమీ లేదు గనకే.

షెడ్డు మూలన తాగే నీళ్ళ పీపా ఉండేది, దానికి మూత లేదు. గాలిలో ఎగిరే దూదంతా అందులోనే పడేది. "ఈ నీళ్ళు తాగితే దాహం తీరుతుందో లేదో గానీ, కొన్నాళ్ళకు కడుపులో బనీను తయారవుతుంది" అని ఈ పిల్ల ఒక కాగితం మీద రాసి, ఊళ్ళో చిన్న పత్రిక ఒకటుంటే అక్కడికి పోయి, ఎడిటరు బల్ల మీద పడేసి, ఆయన తలెత్తేలోపు వచ్చేసింది. ఎడిటరు నవ్వుకుని అచ్చేశాడు. చదివినవాళ్ళందరూ నవ్వారు. నలుగురూ నవ్వితే యజమానులకు ఎక్కడలేని పౌరుషం వస్తుంది కదా, వారం తిరక్కుండా పీపాకు మూత వచ్చింది. ఆ రోజు పిన్ని మగ్గం మీద నుంచి వంగి, ముక్కు మీద వేలు నొక్కిపెట్టి, "మూతమ్మా!" అని పెదాలతో పిలిచింది. ఎక్కడ పూతమ్మ అనుకుంటారో అని ఆ వేలు చివరిదాకా తీయలేదు. సాయంత్రానికి షెడ్డంతా అదే పేరు.

ఎడిటరు కబురు పెట్టి పిలిపించాడు.

"ఇలాంటివి ఇంకా రాయగలవా?"

"చూస్తే రాస్తానండీ."

"చూడ్డానికి ఎక్కడెక్కడికి పోగలవు?"

"ఎక్కడికైనా పోతాను. కూర్చోమని మాత్రం అనకండి."

అలా ఆమె విలేకరి అయింది, పనివాళ్ళ సంగతులు రాసే విలేకరి. ఇటుక బట్టీలు, బట్టలుతికే కార్ఖానాలు, హోటళ్ళ వెనక గిన్నెలు తోమే చీకటి గదులు, సంచులు కుట్టే షెడ్లు, ఒకటని కాదు. గడియ లేని మరుగుదొడ్డి ముందు వంతులేసుకుని కాపలా కాసే ఆడవాళ్ళ గురించి రాసింది. సూది దిగిన వేలికి గుడ్డముక్క చుట్టుకుని సాయంత్రం దాకా కుట్టిన పిల్ల గురించి రాసింది. పొద్దున ఇక్కడుంటే మధ్యాహ్నం అక్కడ. ఎవరైనా ఫోను చేసి ఏదో చెప్పబోతే "ఫోన్లో వద్దు, వచ్చేస్తున్నా" అనేది. చెప్పులు వేసుకునే తీరికుండేది కాదు, ఒక చెప్పు వీధి మలుపులో తొడుక్కునేది. "దీని కాళ్ళకు చక్రాలున్నాయి" అని ఎడిటరు వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకునేవాడు.

చక్రాలూ లేవు, గిక్రాలూ లేవు. ఆమెకు చెవులు పోతున్నాయి. షెడ్డు చప్పుడు చిన్ననాడే మొదలుపెట్టిన పని అది, మెల్లగా పూర్తి చేసుకుంటూ పోతోంది. ఫోన్లో గొంతు గుసగుసలా ఉండేది, తర్వాత అదీ లేదు. పెదాలు కనపడితేనే మాట తెలుస్తుంది గనక మనిషి ఎదుటికి పోక తప్పేది కాదు. మీటింగుల్లో ముందు వరసలో కూర్చుని రెప్పవేయకుండా చూస్తుంటే, "ఎంత శ్రద్ధగా వింటుందండీ ఈ అమ్మాయి!" అని పెద్దమనుషులు మెచ్చుకునేవాళ్ళు. ఎడిటరుకు తెలిస్తే తీసుకుపోయి ప్రూఫులు దిద్దే బల్ల దగ్గర కూలేస్తాడు. ఆ బల్ల తలుచుకుంటేనే ఆమెకు ఊపిరాడేది కాదు. కూర్చుంటే చాలు, మోకాలు మగ్గంలా ఆడేది. రాత్రి పడుకున్నా ఆడేది. "మంచం ఊపకే తల్లీ, పడవలో ఉన్నట్టుంది" అని అక్క విసుక్కునేది. ఈ చెవుల సంగతి తెలిసింది అక్కకూ పిన్నికీ మాత్రమే.

అలా ఉండగా మిల్లుకు కొత్త మేనేజరు వచ్చాడు. అప్పటికే పక్క వీధిలో ఒక మిల్లు మూతపడి ఉంది. ఇక్కడా ఆర్డర్లు తగ్గాయి, ఎప్పుడేం వినాల్సి వస్తుందో అని అందరి ప్రాణాలూ గుప్పిట్లో ఉన్నాయి. ఒక సాయంత్రం మూతమ్మ అక్క కోసమని షెడ్డు వాకిట్లో నిలబడి, అలవాటుగా పైనున్న అద్దాల గదికేసి చూసింది. మేనేజరు ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. "వచ్చే నెల్లో షెడ్డుకి" అన్నాడు. ఆ తర్వాత ముక్కు మీద వేలు పెట్టి, "మూత వేసేద్దాం" అన్నాడు.

అక్క బయటికి రాగానే, మూతమ్మ ఆమె చెయ్యి పట్టుకుని లాక్కుపోయి చెప్పింది.

అక్క నమ్మలేదు. "సరిగ్గా చూశావా?"

"నా కళ్ళతో చూశానే! ముక్కు మీద వేలు పెట్టి మరీ అన్నాడు."

"ఎవరినైనా అడిగి రాయవే, తొందరపడకు. నీకు ప్రతిదానికీ తొందరే."

"అడిగితే నిజం చెబుతాడా? రాత్రికి అచ్చు కాకపోతే వీళ్ళకు ఒక రోజు పోయినట్టే."

ఏ పని చేసినా ఒకటికి నాలుగుసార్లు పోయి చూసి వచ్చే మనిషి, ఆ ఒక్కసారి ఎక్కడికీ పోలేదు. పొద్దున్నే పత్రికలో మొదటి పేజీలో "వచ్చే నెల మిల్లు మూత" అని పడింది.

ఇక చూడండి! గేటు ముందు ఏడుపులు, శాపనార్థాలు, తోపులాటలు. ముందుగా పోయినవాడికే ఎక్కడైనా పని దొరుకుతుందని కొందరు ఆ రోజే పరుగులు పెట్టారు. పిన్ని ఊరి చివర సంచులు కుట్టే షెడ్డులో చేరిపోయింది, తక్కువ కూలికి. "మన పిల్ల రాసిందంటే రాసినట్టే" అంది అందరితో. మిల్లు వాళ్ళు ఖాళీ అయిన మగ్గాల దగ్గర కొత్తవాళ్ళను నిలబెట్టేశారు, వెళ్ళినవాళ్ళను మళ్ళీ గడప తొక్కనివ్వబోమన్నారు. ఆఫీసు మాట బయటికి మోసిందెవరని వెతికి, విలేకరి అక్క షెడ్డులోనే ఉందని తెలుసుకుని, అక్కను గేటు బయట నిలబెట్టారు.

మూతమ్మ ఆ మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. మేనేజరు గదిలోకి పోయి, "మా అక్క ఏమీ చెప్పలేదు" అంది. నిలబడలేక అటూ ఇటూ తిరుగుతూనే అంది.

"మరి ఎవరు చెప్పారు? నేను ఎప్పుడన్నానమ్మా మూత అని?" మేనేజరు మొహం కందగడ్డలా ఉంది. చేతిలో రుమాలు, ముక్కు ఎర్రగా చెక్కుకుపోయి ఉంది. "నేను ఫోన్లో చెప్పింది..." అంటూ ముక్కు రుద్దుకుని, ఆ మాట అన్నాడు.

మూత అన్నాడు! మళ్ళీ అదే! "ఇదిగో, మళ్ళీ మీరే అంటున్నారు కదా!" అని నోటి దాకా వచ్చింది. ఇంతలో ఆయన వేలెత్తి కిటికీ బయట చూపించాడు. పెరట్లో తారు డబ్బాలు వరసగా పేర్చి ఉన్నాయి. వానలు రాకముందే షెడ్డు పైకప్పుకు తారు పూత.

పూత.

దూది అలవాటు లేని కొత్తవాళ్ళకు మొదట్లో కొన్నాళ్ళపాటు ముక్కు కారుతుంది, దురద పెడుతుంది. ఆమెకూ పెట్టింది, అక్కకూ పెట్టింది, ఆ షెడ్డులో అడుగుపెట్టిన ప్రతివాళ్ళకూ పెట్టింది. అంతకాలం అక్కడ పని చేసి, ఆ సంగతి ఆ పూట తట్టలేదు చూశారూ! పాపిష్టి ముక్కు, సరిగ్గా ఆ అక్షరం దగ్గరే దురద పెట్టాలా? లోకంలో మరే విలేకరీ చేయలేని తప్పు అది. ఆ తప్పు చేయాలంటే ఆ షెడ్డులో పెరిగి ఉండాలి.

"చెప్పండి, ఎవరు చెప్పారు?"

జరిగింది జరిగినట్టు చెప్పేస్తే అక్క బయటపడుతుంది, తనూ బయటపడుతుంది. చెప్పడానికి నోరు తెరిచింది కూడా. అప్పుడు అద్దంలోంచి కింద షెడ్డు కనపడింది. వరసల మధ్య ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. ఒకతె ముక్కున వేలు పెట్టింది, అవతలిది గొంతు మీద చెయ్యి వేసుకుంది, ఇద్దరూ విరగబడి నవ్వారు. మేనేజరు కూడా అటే చూశాడు.

"చూడండి వాళ్ళను. ఊరికే ముక్కున వేలేసుకుంటారు. ఏమంత ఆశ్చర్యమో వీళ్ళకు!" అన్నాడు.

ఒక్క మాట చెబితే చాలు. రేపటి నుంచి ఈ అద్దం వెనక నిలబడి వాళ్ళ కబుర్లన్నీ చదివేస్తాడు. పొద్దుణ్ణించి సాయంత్రం దాకా ఆ చప్పుడులో వాళ్ళకంటూ ఉన్నది అదొక్కటే. అది తీసుకెళ్ళి ఈయన చేతిలో పెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు.

"ఎవరూ చెప్పలేదండీ. మీ తలుపు బయట నిలబడి నేనే విన్నాను. నాకు చెవులు సరిగా వినపడవు. గట్టిగా అరిస్తే ఏదో కొంచెం తెలుస్తుంది. పూత అంటే మూత అని వినపడింది."

"చెవులు వినపడని విలేకరా?" మేనేజరు నమ్మలేదు. రుమాలు ముక్కుకూ నోటికీ అడ్డం పెట్టుకుని తుడుచుకుంటూ ఏదో అడిగాడు. ఏం అడిగాడో భగవంతుడికే తెలియాలి. ఆమె ఆ రుమాలు కేసి చూస్తూ అలాగే నిలబడింది. ఆయన మళ్ళీ అడిగాడు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ జవాబు రాలేదు. అప్పుడు నమ్మాడు.

అక్కను మళ్ళీ పనిలోకి పిలిచారు. మర్నాడు పత్రికలో "మా విలేకరి వినికిడి లోపం వల్ల జరిగిన పొరపాటు" అని క్షమాపణ పడింది. ఎడిటరు తిట్టలేదు, ఆయన తిట్టినా బాగుండేది. మూలనున్న ప్రూఫుల బల్ల చూపించాడు, అంతే. గేటు దగ్గర ఆడవాళ్ళు మళ్ళీ ఆమెను మూతమ్మ అన్నారు. ఈసారి ముక్కు నొక్కుకున్న తీరు వేరేగా ఉంది.

ఇంటికి వచ్చి అక్క ఎదురుగా నిలబడింది. అక్కకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది, అంతా తనే గ్రహించింది. "వాడు ముక్కు గోక్కుంటే నువ్వు మూత అనుకున్నావా, పిచ్చిమొద్దూ!" అంది. నవ్వుతుందేమో అని చెల్లెలు ఆశపడింది. అక్క నవ్వలేదు. "నన్ను మళ్ళీ మగ్గం దగ్గర నిలబెట్టావు, సరే. పిన్నిని ఎవరు నిలబెడతారు? నా పక్క మగ్గం దగ్గర ఎవత్తో కొత్తది ముడి వేయడం చేతకాక ఏడుస్తోంది. నిన్ను చూస్తే అదే గుర్తొస్తుంది నాకు." ఆ తర్వాత అక్క ఆమెతో మాట్లాడలేదు. ఒకే ఇంట్లో కొన్నాళ్ళు మొహాలు తిప్పుకు తిరిగారు. ఇక భరించలేక చెల్లెలు పత్రికాఫీసు వెనకే ఒక గది తీసుకుంది.

ప్రూఫుల బల్ల కింద మోకాలు ఆడుతూనే ఉండేది. పక్కవాళ్ళ సిరా బుడ్లు వణికేవి. సెలవు దొరికితే చాలు, సంచుల షెడ్డుకు పిన్ని దగ్గరికి పోయేది. పిన్నికి కోపం లేదు, అదే ఆమెను మరీ కుదిపేసేది. "ఇక్కడ చప్పుడే లేదే తల్లీ, నాకు పిచ్చెక్కుతోంది. అలవాటు చొప్పున ముక్కు పట్టుకుంటే వీళ్ళు నాకు జలుబనుకుని మాత్రలిస్తున్నారు" అని నవ్వేది పిన్ని. ఇంటికి వస్తూ మూతమ్మ దారంతా ఏడ్చేది.

ఏడిస్తే తెమిలేదేముంది? రాయడం మొదలుపెట్టింది. నిలబడే రాసింది, కిటికీ గట్టు మీద కాగితాలు పెట్టుకుని, నాలుగు వాక్యాలకోసారి గది చుట్టూ తిరిగి వచ్చి. తల్లి నడుము, పిన్ని వేసిన జడలు, నీళ్ళ పీపా, దూది, నూలు, అన్నీ రాసింది. పుస్తకం వేస్తానన్నాయన చదివి మెచ్చుకుని ఒక్కటే అడిగాడు. "అంత చప్పుడులో వాళ్ళు మాట్లాడుకోవడం ఎలాగమ్మా? ఆ అధ్యాయం ఉంటే పుస్తకానికే ప్రాణం కదా."

"మాట్లాడుకోరండీ. చప్పుడు కదా" అంది ఆమె.

అబద్ధం ఆడిన రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు, నిజం చెప్పినా పట్టేది కాదు. పుస్తకం వచ్చింది. చదివినవాళ్ళు చదివారు. ఒక ప్రతి అక్క గడప మీద పెట్టి వచ్చింది. అక్క తీసుకుంది, చదివిందో లేదో చెప్పలేదు.

రోజూ సాయంత్రం మిల్లు గోడ వెంట నడవడం మాత్రం మానలేదు. ఆ గోడ పక్కన నేల ఎప్పుడూ సన్నగా వణుకుతూ ఉంటుంది. మగ్గాల చప్పుడు ఆమెకు మిగిలింది అంతవరకే, అరికాళ్ళలోంచి. జుట్టు సగం నెరిసేదాకా అలా నడిచింది. ఒక సాయంత్రం నడుస్తూ నడుస్తూ టక్కున ఆగిపోయింది. కాళ్ళ కింద నేల కదలడం లేదు. చెప్పులు విప్పి వట్టి పాదాలు ఆనించి చూసింది. అబ్బే, లేదు.

గేటు దగ్గరికి పరుగెత్తింది. లోపల పెరట్లో ఆడవాళ్ళంతా చేతులు వేలాడేసుకుని నిలబడి ఉన్నారు. మధ్యలో అక్క. ఆమెను చూసి ఎప్పటిలా అక్క మొహం తిప్పుకోలేదు. పెదాలు బాగా విప్పి, సాగదీసి, ముక్కున వేలు పెట్టి, ఒక మాట అంది.

"మూత."

తనను పిలిచిందేమో అనుకుంది ముందు. ఇన్నాళ్ళకు అక్క పిలిచిందని ప్రాణం లేచి వచ్చింది. తర్వాత అక్క కళ్ళు చూసింది. గేటు ఊచలు పట్టుకుని, వేలు ముక్కు దగ్గరికి పోనీయకుండా, పెదాలతోనే అడిగింది, "పూతా?"

అక్క తల అడ్డంగా ఊపింది. ఒక్కో అడుగూ వేస్తూ గేటు దాకా వచ్చింది. ముక్కు మీద వేలు అలాగే ఉంది, దాని మీదుగా కన్నీళ్ళు జారుతున్నాయి.

"మూతేనే" అంది. "నీ పుస్తకం చదివాను. ముక్కున వేలు సంగతి రాయలేదు నువ్వు, చూశాను. ఇప్పుడు రాసెయ్, ఇంక ఎవరికి దాస్తాం? ఇది కూడా రాసుకో. ఎవరు చెప్పారని అడిగితే, మా అక్క చెప్పిందని రాయి."

ఆమె అలాగే రాసింది.